చైనాలోని చెంగ్డూలో ఆరు రాత్రులు: నలుగురం, ఇద్దరు శాకాహారులు. ప్లాన్ చూసి తప్పులు చెప్పండి

#1 కొబ్బరిమట్ట

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి నలుగురం వెళ్తున్నాం. అమ్మకు 68, మోకాళ్ళ నొప్పి, పూర్తి శాకాహారం. మా ఆవిడ శాకాహారమే గానీ గుడ్డు తింటుంది. నేను, తమ్ముడు గొడ్డుమాంసం తప్ప ఏదైనా తింటాం. అక్టోబరు 1న దిగి 7న తిరుగు ప్రయాణం, దసరా సెలవులకు కలిసొస్తుందని.

1: తియాన్‌ఫూ స్క్వేర్, కువాన్‌జాయ్ సందులు. 2: పాండాలు, మధ్యాహ్నం సాన్‌షింగ్‌డుయి మ్యూజియం. 3: లెషాన్ బుద్ధుడు. 4: దుజియాంగ్యాన్, పాతకాలపు నీటిపారుదల కట్టడం. 5: జియుజాయ్‌గౌ లోయకి వెళ్ళి రాత్రికి వెనక్కి. 6: షాపింగ్. మధ్యలో హాట్‌పాట్ (బల్ల మీద మరిగే రసంలో ముక్కలు ముంచి తినేది), మాపో టోఫు (సోయా పనీర్ కూర).

కారం మాకు సమస్య కాదు, గుంటూరు నాలుకలు. టికెట్లు ఇంకా తీసుకోలేదు.

#2 లగేజీ_15కిలోలు

టికెట్లు తీసుకోకపోవడమే మంచిదైంది. అక్టోబరు 1 చైనా జాతీయ దినోత్సవం. 1 నుంచి 7 దాకా దేశమంతా సెలవు, దేశమంతా రోడ్డు మీద. రైలు టికెట్లు అమ్మకం మొదలైన నిమిషాల్లో అయిపోతాయి, హోటల్ ధర రెండు మూడింతలు. మే 1 నుంచి 5, చైనా కొత్త సంవత్సరం వారం కూడా ఇంతే. అక్టోబరు మూడో వారానికో, నవంబరుకో జరపండి. నవంబరు చివర్లో ఊళ్ళో గింకో చెట్లు పసుపెక్కి ఉంటాయి, చలికి ఒక స్వెటర్ చాలు. ఎండ మాత్రం ఆశించకండి. సిచువాన్‌లో సూర్యుడు కనిపిస్తే కుక్కలు మొరుగుతాయని వాళ్ళ సామెత.

వీసా: 240 గంటల ట్రాన్సిట్ మినహాయింపు గురించి యూట్యూబ్‌లో చూసి ఉంటే మర్చిపోండి, ఆ దేశాల జాబితాలో భారత్ లేదు. టూరిస్టు వీసా, అంటే ఎల్ రకం తీసుకోవాలి. రానుపోను విమానం, అన్ని రాత్రుల హోటల్ బుకింగ్ చూపించాలి. అందుకే ముందు రద్దు చేసుకోగలిగే హోటలే బుక్ చేయండి.

చెంగ్డూకి రెండు విమానాశ్రయాలు. షువాంగ్‌ల్యూ ఊరికి దగ్గర, కోడ్ సీటీయూ. తియాన్‌ఫూ దూరం, కోడ్ టీఎఫ్‌యూ, 2021 జూన్‌లో తెరిచారు. అంతర్జాతీయ విమానాలు తియాన్‌ఫూలోనే దిగుతాయి. అక్కడి నుంచి మెట్రో లైన్ 18 సౌత్ రైల్వే స్టేషన్‌కి వస్తుంది. హాంకాంగ్‌లోనో బ్యాంకాక్‌లోనో విమానం మారి వచ్చేవాళ్ళకు ఇబ్బంది లేదు. చైనాలోనే ఇంకో ఊళ్ళో దిగి దేశీయ విమానం పట్టేవాళ్ళు మాత్రం టికెట్ మీద ఆ మూడక్షరాలు చూసుకోవాలి. రెంటినీ లైన్ 19 కలుపుతుంది గానీ ఒకటనుకుని ఇంకోదానికి వెళ్తే విమానం పోయినట్టే.

#3 మిరపతొడిమ

"కారం మాకు సమస్య కాదు" అన్నమాట నిజమే. సమస్య కారం కాదు, కొవ్వు.

చెంగ్డూ హాట్‌పాట్ ఎర్ర రసం చాలాచోట్ల ఎద్దు కొవ్వుతో చేస్తారు. దాన్ని న్యూ-యో అంటారు. ఇటుకల్లా గడ్డకట్టిన ఆ కొవ్వు ముద్ద గిన్నెలో వేసి కరిగిస్తారు, ఆ ఘుమఘుమంతా దానిదే. మీరు పుట్టగొడుగులు, బంగాళాదుంప మాత్రమే ముంచుకున్నా మునిగేది అందులోనే. మాపో టోఫు కూడా అంతే. 1862 నుంచి ఉన్న అసలు అంగడి పద్ధతిలో అందులో పడేది గొడ్డుమాంసం కీమా. టోఫు అనగానే శాకాహారం అనుకుని దెబ్బతినేది ఇక్కడే.

దీనికి మందు: "ఛింగ్-యో" గిన్నె ఉందా అని అడగాలి. అంటే రేప్‌సీడ్ నూనెతో చేసినది. చాలా చోట్ల మెనూలో రెండూ ఉంటాయి. చెప్పకపోతే వచ్చేది న్యూ-యోనే.

గుంటూరు నాలుక సంగతి: అక్కడి ఎర్‌జింగ్‌తియావ్ మిరపకాయ మన సన్నాల కంటే సౌమ్యం, వాసన కోసం వాడేది. ఘాటు కావాలంటే వాళ్ళూ బయటినుంచి తెచ్చుకుంటారు, మన తేజ మిర్చికి చైనా పెద్ద గిరాకీ. కొత్తగా ఉండేది హువాజియావ్, తిమ్మిరి మిరియం. కొంకణ తీరంలో వాడే తిర్ఫల్‌కు దగ్గరి చుట్టం. అందులోని సాన్షూల్ అనే పదార్థం పెదవుల్లో కరెంటు పారినట్టు చేస్తుంది. నీళ్ళు తాగితే తగ్గదు. చల్లటి సోయా పాలు, పక్కనే అమ్మే ఐస్ జెల్లీ, దాన్నే పింగ్‌ఫెన్ అంటారు, అవి మేలు. మొదటిసారి "వెయ్ లా", అంటే కొంచెం కారం అని చెప్పండి. గర్వపడాల్సిన పనేం లేదు, వాళ్ళ కొంచెం మన కొంచెం కాదు.

#4 గుడిగంట

రెండు రకాల రసం ఉన్న గిన్నె, యువాన్‌యాంగ్ అంటారు, అది చెప్పుకుంటే సరిపోతుంది కదా? ఎర్రది అన్నదమ్ములకు, తెల్లది అమ్మగారికి.

#5 మిరపతొడిమ

అదే పెద్ద పొరపాటు గుడిగంట గారూ. తెల్ల రసం చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ పంది ఎముకలతోనో, కోడితోనో, చేపతోనో కాచింది. శాకాహారులకు ఎర్రదానికంటే తెల్లదే ప్రమాదం. టమాటా రసం, పుట్టగొడుగుల రసం అడగొచ్చు, కానీ అవీ కొన్ని చోట్ల ఎముకల రసంలో కలిపేవే. "బేస్ నీళ్ళా, ఎముకల రసమా" అని ఫోన్‌లో అనువదించి చూపించండి. ఆఖరికి వేడినీళ్ళ గిన్నె పెట్టమంటే పెడతారు, కాదనరు. ఇంకో చిక్కు: గిన్నె మధ్యలో రేకు అడ్డం ఉన్నా, పొంగితే ఇటుది అటు పడుతుంది. అమ్మగారికి పట్టింపు ఉంటే ఒక్కొక్కరికి చిన్న గిన్నె పెట్టే హోటల్ చూడండి.

#6 ఆకుపచ్చ_కంచం

శాకాహారం విషయంలో "వో ఛర్ సూ", నేను శాకాహారిని, అన్న ఒక్క ముక్క చాలదు. సరేనని తలూపి, వేపుడు మీద కీమా చల్లి తెస్తారు. వాళ్ళ లెక్కలో అది మాంసం కూర కాదు, రుచి కోసం వేసింది. అందుకని వేటికి వద్దో విడివిడిగా రాయాలి. ఇవన్నీ చైనీస్‌లోకి మార్చి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి: మాంసం వద్దు, కీమా వద్దు, పంది కొవ్వు వద్దు, ఎముకల రసం వద్దు, చికెన్ పొడి వద్దు, ఆయిస్టర్ సాస్ వద్దు, గుడ్డు వద్దు. చికెన్ పొడి మన ఉప్పులా అన్నింట్లో పడుతుంది, ముందే చెప్పాలి.

దాదాపు నిశ్చింతగా తినగలిగేవి: పుల్లకారం బంగాళాదుంప తురుము వేపుడు, మచ్చలు పడేలా కాల్చిన పచ్చిమిరపకాయలు, బఠాణీ పిండితో చేసే చల్లటి లియాంగ్‌ఫెన్, తీపికారం లావు నూడుల్స్ తియాన్‌ష్వయ్ మియన్, బెల్లం పాకంలో జిగురు అన్నం ఉండలు సాన్‌దాపావ్. మీ ఆవిడకు టమాటా గుడ్డు వేపుడు ఎక్కడైనా దొరుకుతుంది.

మోసం చేసేవి: "చేప వాసన వంకాయ" అన్నదాంట్లో చేప ఉండదు, ఆ మసాలా పేరే అంత, కానీ పంది కీమా ఉంటుంది. వేయించిన చిక్కుడుకాయలు, దాన్‌దాన్ నూడుల్స్ కూడా పంది కీమాతోనే. కీమా లేకుండా చేయమంటే మొదటి రెండూ చేసిస్తారు, బాగుంటాయి. నువ్వుల ఉండల్లాంటి తాంగ్‌యువాన్ లోపలి ముద్దలో పంది కొవ్వు కలపడం సంప్రదాయం, అమ్మగారికి పెట్టకండి.

అన్నీ అడిగి విసిగితే గుళ్ళున్నాయి. మెట్రో లైన్ 1లో వెన్‌షు మఠం స్టేషన్, ఎదురుగానే గుడి, ప్రవేశం ఉచితం, శాకాహార భోజనశాల ఉంది. చున్‌షీ రోడ్ దగ్గర దాత్సి గుళ్ళోనూ మధ్యాహ్నం భోజనం చవకగా దొరుకుతుంది, కానీ వేళ దాటితే ఉండదు. పన్నెండు లోపే వెళ్ళాలి. ఇక్కడ చికెన్, చేప అని పేరున్నవీ సోయాతో, గోధుమ జిగురుతో చేసినవే, చూసి బెదరకండి. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.

#7 గుడిగంట

ఎముకల రసం సంగతి తెలియదు, సరిదిద్దినందుకు థాంక్స్. వెన్‌షు అంటే మన మంజుశ్రీయే. హ్యూయన్ త్సాంగ్ పూర్తి భిక్షుదీక్ష తీసుకున్నది 622లో ఈ చెంగ్డూలోనే. తర్వాత మన ధాన్యకటకం దాకా నడిచొచ్చిన మనిషి. ఆయన కపాలంలోని ఒక ముక్క వెన్‌షు మఠంలో ఉందంటారు. భోజనానికి వెళ్ళినవాళ్ళు ఓ గంట లోపల తిరగండి.

#8 రైలుపట్టా

ఇక ప్లాన్. మూడు తప్పులున్నాయి.

జియుజాయ్‌గౌ ఒక్క రోజులో కాదు. 2024 ఆగస్టు చివర రైలు వచ్చిన మాట నిజమే, కానీ అది దిగేది హువాంగ్‌లాంగ్-జియుజాయ్ స్టేషన్‌లో. అక్కణ్ణుంచి కొండదారిలో బస్సు ఇంకో గంటన్నర పైనే. లోయ సుమారు 2,000 మీటర్ల నుంచి 3,000 దాటేదాకా ఎక్కుతుంది. అమ్మగారితో అయితే కనీసం రెండు రాత్రులు, లేదంటే కొట్టేయండి. నేనైతే కొట్టేస్తాను.

పాండాలు, సాన్‌షింగ్‌డుయి ఒకే రోజు కుదరవు. పాండా కేంద్రం ఉదయం 7:30కి తెరుస్తారు. అవి వెదురు తినేది, కదిలేది పొద్దున్నే. పది దాటాక నిద్ర. 26 డిగ్రీలు దాటితే లోపలి ఏసీ గదుల్లోకి పంపేస్తారు, జులైలో వెళ్ళినవాళ్ళు అద్దాల వెనక వీపులే చూసొస్తారు. టికెట్ 55 యువాన్లు, పాస్‌పోర్ట్ నంబరుతో ముందే తీసుకోవాలి. గేటు దగ్గర కొందామనుకుంటే కుదరకపోవచ్చు. మెట్రో లైన్ 3లో పాండా అవెన్యూ స్టేషన్ దిగి బస్సు. హువాహువా అనే ఆడ పాండాకు సినిమా తారలంత గిరాకీ, దానికొక్కదానికే విడిగా క్యూ, గంటలు పడుతుంది, చూడనిచ్చేది కొన్ని నిమిషాలు. మిగతావన్నీ వదిలి అక్కడ నిలబడటం దండగ.

సాన్‌షింగ్‌డుయి గ్వాంగ్‌హాన్‌లో ఉంది. ఈస్ట్ స్టేషన్ నుంచి గ్వాంగ్‌హాన్ నార్త్‌కి హైస్పీడ్ రైలు, తర్వాత బస్సో క్యాబో. 2023 జులైలో తెరిచిన కొత్త భవనం పెద్దది, నాలుగు గంటలైనా పెట్టుకోండి. దాదాపు నాలుగు మీటర్ల కంచు చెట్టు ఒక్కటి చాలు అంత దూరం వెళ్ళడానికి. టికెట్ 72 యువాన్లు, ముందు రోజుల్లోనే అయిపోతాయి. దొరక్కపోతే ఊళ్ళోనే లైన్ 7 మీద జిన్షా మ్యూజియం ఉంది, 2001లో తవ్వకంలో బయటపడ్డ బంగారు సూర్యపక్షి అక్కడిదే. సోమవారం మాత్రం పెట్టుకోకండి.

మూడో తప్పు చిన్నది. కువాన్‌జాయ్ సందులకు పూట కేటాయించకండి. ఊరంతటిలోకీ ఖరీదు, తిండి బాగోదు. ఆ సాయంత్రం పీపుల్స్ పార్కులో టీ అంగట్లో కూర్చోండి. మూత ఉన్న కప్పు ఇస్తారు, మూత తీసి పక్కన ఆనిస్తే వేడినీళ్ళు మళ్ళీ పోస్తారు. చెవులు శుభ్రం చేస్తామంటూ చిమటా మోగిస్తూ తిరిగేవాళ్ళుంటారు, ధర ముందే అడగండి.

#9 కొబ్బరిమట్ట

రైలుపట్టా గారూ, లెషాన్‌లో మెట్లెన్ని? అమ్మ చూడాలనుకునేది ముఖ్యంగా అదే.

#10 రైలుపట్టా

అమ్మగారికి మెట్లు వద్దు. కొండ చెక్కి ఒరుసుకుపోయేంత ఇరుకుగా తొమ్మిది మలుపుల దారి వేశారు, తల పక్కనుంచి పాదాల దాకా దిగి, మళ్ళీ ఎక్కి రావాలి. రద్దీ రోజున ఆ వరసలో రెండు గంటలు నిలబడాలి, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. పడవ ఎక్కించండి, 70 యువాన్లు, అరగంట. నది మధ్య ఆపి చూపిస్తారు. 71 మీటర్ల విగ్రహం ఎదురుగా మొత్తం కనిపించేది పడవ నుంచే. వరద ఎక్కువైతే పడవలు ఆపేస్తారు, నవంబరులో ఆ భయం లేదు. కొండ టికెట్ 80. మీరూ తమ్ముడూ కొండెక్కితే అమ్మగారు, మీ ఆవిడ పడవ చూసుకుని రేవు దగ్గర ఆగొచ్చు.

713లో మొదలుపెట్టి 803లో పూర్తిచేశారు. మూడు నదులు కలిసే చోట పడవలు మునిగిపోతుంటే ఆపడానికి కట్టించారని చెబుతారు. తల జుట్టు ముడుల మధ్య, చెవుల వెనక వాననీళ్ళు పోయే కాలువలున్నాయి. అవి లేకపోతే ఈపాటికి ఆ మెత్తటి ఎర్రరాయి కరిగిపోయేది.

చెంగ్డూ ఈస్ట్ నుంచో సౌత్ నుంచో రైలు గంట. స్టేషన్ పేరు సరిగా చూసుకోండి, ఈస్ట్, సౌత్, వెస్ట్ అన్నీ వేరువేరు. పాస్‌పోర్టే టికెట్, కాగితం ఉండదు. ఆటోమేటిక్ గేటు పాస్‌పోర్ట్ తీసుకోకపోతే చివర మనిషి నిలబడే వరస ఉంటుంది. బయల్దేరే కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు. మన లింగంపల్లిలో పరుగెత్తి ఎక్కినట్టు కుదరదు. సంచులు ఎక్స్‌రే కూడా ఉంటుంది కాబట్టి ముప్పావుగంట ముందు చేరండి. బుకింగ్ 15 రోజుల ముందు మొదలవుతుంది. రైలు టికెట్ల 12306 యాప్‌లో పాస్‌పోర్ట్ సరిచూడటానికి టైం పడుతుంది, ఆ పని ఇంటి దగ్గరే కానివ్వండి.

దుజియాంగ్యాన్ బాగా పెట్టారు. లైన్ 2 చివర షీపు స్టేషన్‌లో రైలు మారాలి, పది యువాన్ల చుట్టూ. లీదుయ్ పార్క్ దాకా వెళ్ళే బండి అయితే గేటు పక్కనే దింపుతుంది. ధవళేశ్వరం, ప్రకాశం బ్యారేజీ చూసినవాళ్ళు ఇక్కడ వింతపడేది ఒక్కటే, ఆనకట్ట లేదు. క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి నది మధ్య చేప మూతి ఆకారంలో గట్టు వేసి మిన్ నదిని రెండుగా చీల్చాడు. లోపలి పాయ ఇరుకు, లోతు. బయటి పాయ వెడల్పు, మెరక. నీళ్ళు తక్కువున్నప్పుడు లోతు వైపే ఎక్కువ పోతాయి, అంటే పొలాలకు. వరదప్పుడు వెడల్పు వైపు పోతాయి, అంటే ఊరు మునగదు. కింద పల్లపు గట్టు మీదుగా ఇసుక, ఎక్కువైన నీరు పొర్లిపోతాయి. కొండను చీల్చి తీసిన సీసా మెడ లాంటి మూతి గుండా కాలువకి ఎంత కావాలో అంతే వెళ్తుంది. మందుగుండు లేని రోజులు, బండను మంట పెట్టి కాల్చి నీళ్ళు పోసి పగలగొట్టారు. ఇప్పటికీ పొలాలు తడుపుతోంది. టికెట్ 80. పై గేటు దగ్గర క్యాబ్ దిగి కిందికి నడిస్తే మోకాళ్ళకు సుఖం. తాళ్ళ వంతెన ఊగుతుంది, అమ్మగారిని చేయిపట్టుకు నడిపించండి.

#11 పాతబస్తీ_నవాబు

ముస్లిం సభ్యుల కోసం: హలాల్‌ని "ఛింగ్‌జెన్" అంటారు, బోర్డు మీద అరబిక్ అక్షరాలుంటాయి. తియాన్‌ఫూ స్క్వేర్ దగ్గర హువాంగ్‌చెంగ్ మసీదు ఉంది, ఆ చుట్టుపక్కల హోటళ్ళు దొరుకుతాయి. కొబ్బరిమట్ట భాయ్ మీకు మాత్రం ఆ హోటళ్ళలో జాగ్రత్త. పంది ఉండదు నిజమే, బదులుగా అన్నింట్లో గొడ్డుమాంసం. లాన్‌జౌ నూడుల్స్ రసమే దాంతో కాస్తారు.

#12 లగేజీ_15కిలోలు

డబ్బు, ఫోన్ గురించి ఎవరూ రాయలేదు.

అలీపే అనే చెల్లింపుల యాప్‌లో పాస్‌పోర్ట్ ఎక్కించి, వీసా లేదా మాస్టర్‌కార్డ్ జత చేయాలి. రూపే పనికిరాదు. కార్డుకి అంతర్జాతీయ వాడకం బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి ఉండాలి, సగం మందికి ఇక్కడే ఆగిపోతుంది. ఓటీపీ మన నంబరుకే వస్తుంది కాబట్టి జత చేసే పని హైదరాబాద్‌లోనే పూర్తిచేసి, అక్కడ మన సిమ్ రోమింగ్‌లో బతికుండేలా చూసుకోండి. ఇద్దరి ఫోన్లలో, రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు పెట్టండి. ఒక బిల్లు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది, 200 లోపు పడదు. చిల్లరగా ఓ 500 యువాన్ల నోట్లు ఉంచుకోండి. మెట్రోకి, క్యాబ్‌కి కూడా అలీపేలోనే కోడ్ దొరుకుతుంది.

వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ హోటల్ వైఫైలో రావు. మన సిమ్ రోమింగ్ డేటాలో వస్తాయి, ఎందుకంటే ఆ డేటా మన కంపెనీ మీదుగానే బయటికి పోతుంది. గూగుల్ మ్యాప్ నడిచినా నమ్మకండి, చైనా మ్యాపుల కొలత వేరు, చుక్క వీధి అవతల పడుతుంది. అక్కడి మ్యాప్ యాప్, ఆమ్యాప్, వాడండి.

హోటల్లో దిగితే పోలీసు నమోదు వాళ్ళే చేస్తారు. అక్కడ ఎంబీబీఎస్ చదివే బంధువుల గదిలో దిగితే మాత్రం 24 గంటల్లోపు స్టేషన్‌కి వెళ్ళి మీరే చేయించుకోవాలి.

సామానులో నెయ్యి, పాల పదార్థాలు, పచ్చి కరివేపాకు, పండ్లు పెట్టకండి, కస్టమ్స్‌లో తీసేస్తారు. ప్లగ్గు రెండు బల్లపరుపు పిన్నులది, మన గుండ్రటి పిన్ను అన్నిచోట్లా దూరదు, అడాప్టర్ ఉండాలి. ఓల్టేజీ మనదే. పెరుగు అంటే తీపి పెరుగే ఇస్తారు, చక్కెర లేనిది అడిగి తీసుకోండి.

#13 కొబ్బరిమట్ట

అందరికీ థాంక్స్. మార్చిన ప్లాన్, నవంబరు మూడో వారం: 1 దిగడం, విశ్రాంతి, పార్కులో టీ. 2 పాండాలు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం వెన్‌షు చుట్టుపక్కల. 3 లెషాన్. 4 ఖాళీ, దాత్సి గుళ్ళో భోజనం, రాత్రి ముఖాలు మార్చే నాటకం. 5 దుజియాంగ్యాన్. 6 సాన్‌షింగ్‌డుయి, రాత్రి ఛింగ్-యో హాట్‌పాట్. నలుగురికి ఎన్ని ప్లేట్లు చెప్పాలి? ఎంత అవుతుంది?

#14 మిరపతొడిమ

మనిషికి 80 నుంచి 120 యువాన్లు. సగం ప్లేటు, "బాన్ ఫెన్", అని చెబితే నలుగురికి పది సగాలు సరిపోతాయి. టేబుల్ మీద కోడ్ స్కాన్ చేస్తే కొన్నిచోట్ల చైనా ఫోన్ నంబరు అడుగుతుంది, అప్పుడు కాగితం మెనూ అడగండి. నంజుకునే గిన్నెకు, టిష్యూకు విడిగా డబ్బులు పడతాయి, మోసం కాదు.

నంజుడు నువ్వుల నూనెలో వెల్లుల్లి, కొత్తిమీర. ఆ నూనె ముక్కను చల్లార్చి కారాన్ని మెత్తబరుస్తుంది, పొదుపుగా వేసుకోకండి. ఆయిస్టర్ సాస్ సీసా పక్కనే ఉంటుంది, అమ్మగారి గిన్నెలో పడనీయకండి. మీకు, తమ్ముడికి: బాతు పేగు పదిహేను సెకన్లు, ఎక్కువైతే రబ్బరే. పల్చటి బంగాళాదుంప మూడు నాలుగు నిమిషాలు, తామరదుంప ఐదు. ఆకుకూరలు ఆఖర్న, తెల్ల రసంవైపే. ఎర్రదాంట్లో వేస్తే స్పాంజిలా నూనెంతా పీల్చుకొస్తాయి. ఎర్ర రసం తాగేది కాదు. అన్నం చివర్లో తెస్తారు, ముందే కావాలంటే అడగాలి.

#15 రైలుపట్టా

6వ రోజు సోమవారం పడకుండా చూసుకోండి, 4తో మార్చుకోవడానికి వీలుగా ఉంచితే మంచిది. సాన్‌షింగ్‌డుయి టికెట్ ఏ రోజుకి దొరికితే ఆ రోజు చుట్టూ మిగతావి అల్లుకోండి, దాన్ని మిగతావాటి మధ్య ఇరికించొద్దు.

#16 ఆకుపచ్చ_కంచం

చైనా లోపల విమానం ఎక్కే పని పెట్టుకుంటే ఇంకోటి. 2025 జూన్ 28 నుంచి వాళ్ళ భద్రతా ధ్రువీకరణ గుర్తు 3సీ లేని పవర్‌బ్యాంకులను దేశీయ విమానాల్లోకి రానివ్వడం లేదు. ఇక్కడ కొన్నవాటి మీద ఆ గుర్తు చాలావరకు ఉండదు, తనిఖీ దగ్గర డబ్బాలో పడేయాల్సి వస్తుంది.

#17 కొబ్బరిమట్ట

దేశీయ విమానం లేదండీ, హాంకాంగ్ మీదుగా వెళ్ళి రావడమే. సాన్‌షింగ్‌డుయి టికెట్ చేతికొచ్చాక తేదీలతో మళ్ళీ రాస్తాను.